నాదాలు కలిసిన చోట

కళ్ళకు గంతలు కట్టిన మనిషికి చుక్కాని అప్పగించి ఓడను రాళ్ళ మధ్యకు పంపడం పిచ్చిపని. ఆ పిచ్చిపని చూడడానికే ఆ ఉదయం మొగపాలెం ఒడ్డున షామియానాలు వేశారు. మంత్రిగారు వచ్చారు. ఓడల కంపెనీల వాళ్ళు వచ్చారు. టీవీల వాళ్ళు కెమెరాలు భుజాన వేసుకుని ఇసుకలో పడుతూ లేస్తూ తిరిగారు.

సూరాడ మంగవేణి మాత్రం ఓడలోనే ఉంది, చుక్కాని పట్టిన మనిషి పక్కన. ఆమె తీర మార్గదర్శక సంస్థలో పటాలు గీసే ఇంజినీరు. గుజరాత్ నుంచి బెంగాల్ దాకా ఓడలకు దారి చూపే ప్రతి లైట్‌హౌసూ, నీటి మీద తేలే ప్రతి బోయా ఎక్కడుందో, దాని వెలుగు ఎంత దూరం కనబడుతుందో ఆమె గీసిన పటాల్లో ఉండేది. ఇప్పుడు వాటన్నిటి బదులు నీటి అడుగున నాదస్తంభాలు దించుతున్నారు. మొదటిది ఆమె పుట్టిన ఊరికి ఎదురుగానే దించారు.

ఓడ రాళ్ళ వరసలోకి దూరింది. కాళ్ళ కింద డెక్కు సన్నగా వణికింది. చెవులకు ఏమీ వినబడలేదు గానీ, మంగవేణి ఒళ్ళు తనంతట తానే ఎడమవైపుకు ఒరిగింది, నిద్రలో తల్లి వైపు ఒత్తిగిలిన పసిబిడ్డలాగ. గంతలు కట్టిన మనిషి కూడా అటే ఒరిగాడు. చేతిలో చుక్కాని అటే తిరిగింది. కుడిపక్క నల్లటి రాయి ఒకటి నురగ కక్కుతూ వెనక్కి పోయింది.

"ఎలా తెలిసింది?" అని అడిగింది మంగవేణి.

"తెలియడమేముంది మేడమ్, ఒళ్ళు లాగుతోంది" అన్నాడతను నవ్వుతూ.

స్తంభం పంపే నాదం చెవికి అందదు. చెవి లోపల మనిషిని నిలబెట్టే చుక్క నీరు ఉంటుంది, దాన్ని కదుపుతుంది. అది కదిలితే దారి ఎటుందో ఒంటికే తెలుస్తుంది. పొగమంచు కమ్మినా, చీకటి పడినా, ఓడలో కరెంటు పోయినా పరవాలేదు.

ఓడ రాళ్ళు దాటి ప్రశాంతమైన నీటిలోకి వచ్చినప్పుడు దాన్ని కనిపెట్టిన డాక్టర్ కామేశం అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన తమ్ముడు ఓడలో వంటవాడుగా పనిచేసేవాడు. లైటు ఆరిపోయిన ఒక రాత్రి ఆ ఓడ రాయికి కొట్టుకుని రెండుగా చీలింది. శవం కూడా దొరకలేదు. ఆ సంగతి సంస్థలో అందరికీ తెలుసు.

"ఇంక ఈ పాత దీపాలన్నీ మీ పటం మీంచి తీసెయ్యండి మంగవేణీ" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె తీసేసింది. మొగపాలెం లైట్‌హౌస్‌కు తాళం పడింది. బోయాలను గొలుసులతో సహా పైకి లాగి ఒడ్డున పడేశారు.

*

మంగవేణి భర్త దానయ్య మరబోటు నడిపేవాడు. ఆ బోటు అతనిదీ, మంగవేణి అన్న ఎర్రన్నదీ కలిపి కొన్నది. ఇద్దరూ బావా బావా అని పిలుచుకుంటూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. తగాదాలు లేకపోలేదు. బోటు మీద పెత్తనం దానయ్య చేస్తాడని ఎర్రన్నకు లోపల కొంచెం మంట. సాయంత్రం కల్లు దుకాణం దగ్గర కూర్చుంటే అది చల్లారిపోయేది.

దక్షిణాన కొత్త హార్బరు ఎదుట రెండో స్తంభం నాదం పంపడం మొదలుపెట్టిన వారంలోనే అది జరిగింది. మంగవేణి సెలవు పెట్టి ఊళ్ళో ఉంది. పొద్దున్నే బోట్లు వచ్చాయి. ఒడ్డున చేపల వేలం సాగుతోంది. మంచి వంజరాలు పడ్డాయని దానయ్య ఒక తట్ట విడిగా పెట్టించాడు.

"ఆ తట్ట ఎవలికి బావా?" అన్నాడు ఎర్రన్న.

"ఇంటికి. నీ సెల్లి వచ్చింది గదేటి."

"నన్నడక్కుండానా?"

"తట్టెడు సేపలకి నిన్నేటడగాలి బావా!"

ఏ రోజైనా అయితే అక్కడితో అయిపోయే మాటలు. ఎర్రన్న మొహం మాత్రం మారిపోయింది. మెడ నరాలు తేలాయి. కింద పడున్న తెడ్డు తీసి దానయ్య భుజం మీద కొట్టాడు. దానయ్య అరవలేదు, పక్కనున్న చేపల కత్తి అందుకున్నాడు. విడదీయడానికి వచ్చిన వాళ్ళు విడదీయలేదు. వాళ్ళలో వాళ్ళు కలబడ్డారు. వేలంపాట పాడేవాడు ఒక ముసలమ్మ జుట్టు పట్టుకుని ఇసుకలో ఈడ్చాడు. తమ్ముడిలాంటి వాణ్ణి ఒకడు ఐసు కొట్టే సుత్తితో కొట్టాడు. ఎవరి నోటా తిట్లు లేవు. దెబ్బల చప్పుడు, ఊపిరి చప్పుడు, అంతే.

మంగవేణి పరుగున వచ్చేసరికి కత్తి ఎర్రన్న చేతిలో ఉంది. దానయ్య పొట్ట పట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు. ఆమె వాలి అతన్ని ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ మధ్య నుంచి వెచ్చటి నెత్తురు ఆగకుండా వచ్చింది.

"నీకోసమే తీయించినాను..." అన్నాడు దానయ్య. ఆ మాట పూర్తి కాలేదు.

కాసేపటికి ఒడ్డంతా చల్లబడింది. ఎర్రన్న నీళ్ళలోకి దిగి చేతులు కడుక్కుని, ఒడ్డున పడున్న శవాన్ని చూసి నోరు తెరిచాడు.

"అదేటి... బావకేటైంది? ఎవుడు సేసినాడే ఇది?"

మంగవేణి అన్న మొహం మీద ఉమ్మేసింది.

పోలీసులు వచ్చి ఎర్రన్నను తీసుకుపోయారు. ఆ ఉదయం ముగ్గురు పోయారు. తాగుడన్నారు కొందరు, పార్టీ తగాదాలన్నారు కొందరు. దానయ్య దినాలు కాకుండానే పక్కపేటలో తండ్రి కొడుకును గునపంతో పొడిచాడు. చెంబు నీళ్ళ దగ్గర తోటికోడళ్ళు కొట్టుకుని ఒకామె కన్ను పోయింది. ఊరికి పోలీసు పికెట్ వేశారు. రెండో రోజు కానిస్టేబులే తన తోటి కానిస్టేబుల్ పళ్ళు తుపాకీ మడమతో రాలగొట్టాడు.

*

దినకార్యం అయిన మర్నాడు మంగవేణి తల్లి పోలమ్మ వంటింట్లో నెత్తళ్ళ చేపలు బాగుచేస్తూ నెమ్మదిగా అంది.

"ఓలమ్మీ, ఆడికి బెయిలు సూడాలే. జైల్లో ముద్ద ముట్టట్లేదంట."

"ఎవలికి?"

"ఎవలికేటి, నీ అన్నకి."

"నా మొగుణ్ణి సంపినోడికి బెయిలా? నీకు సిగ్గు నేదా?"

"ఆడూ నా కడుపునే పుట్టినాడు గదే..."

మంగవేణికి కళ్ళ ముందు తెల్లగా అయింది. అది కోపంలాగ లేదు. కోపానికి ఒక ఎత్తూ పల్లమూ ఉంటాయి. ఇది వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టుంది. తల్లి ముందున్న కత్తిపీటను పైకి లేపింది. పోలమ్మ తప్పుకోలేదు. ముసలావిడ చేతిలో రోకలి ఉంది. ఆవిడ కళ్ళల్లోనూ తల్లితనం లేదు.

అంతలో ఆ చెయ్యి తీసేసినట్టయింది.

కత్తిపీట బరువుగా తోచింది. బయట వీధిలో అప్పటిదాకా వినబడుతున్న కొట్లాట టక్కున ఆగిపోయింది. ఎవరో పసివాడిలా ఏడుస్తున్నారు. పోలమ్మ రోకలి వదిలేసి, "నానేటి సెయ్యబోయినానే తల్లీ" అంటూ గోడకు జారిపోయింది.

మంగవేణి జేబులో ఫోను మోగింది. ఆఫీసు నుంచి సందేశం. రెండో స్తంభాన్ని శుభ్రం చెయ్యడానికి ఇప్పుడే ఆపామనీ, పటంలో గుర్తు పెట్టమనీ.

ఆమె కత్తిపీట చేత్తో పట్టుకునే ఆ సందేశాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. తర్వాత తన పెట్టె తీసి తీరం పటం నేల మీద పరిచింది. మొదటి స్తంభం నాదం ఎంత మేర పోతుందో ఒక సున్న గీసింది. రెండోదానికి ఇంకో సున్న. రెండు సున్నలూ ఒకదాని మీద ఒకటి పడ్డ చోట సన్నటి ముక్క మిగిలింది, బాదం గింజలాగ. అందులో వేలం ఒడ్డు ఉంది. పక్కపేట ఉంది. పోలీసు పికెట్ ఉంది. ఈ ఇల్లుంది. అవతల దూరంగా ఉన్న పేటల్లో ఒక్క దెబ్బలాటా లేదు.

ఒక నాదం దారి చెబుతుంది. రెండు కలిసిన చోట అది దారి చెప్పదు. తోస్తుంది.

*

విశాఖపట్నంలో ప్రయోగశాలకు ఆమె మర్నాడే వెళ్ళింది. డాక్టర్ కామేశం పటాన్ని చాలాసేపు చూశాడు. కాదనలేదు. ఆమె అనుకున్నదానికంటే అదే ఘోరంగా అనిపించింది.

"కుక్కల్లో చూశాం" అన్నాడు చివరికి. "తొట్టికి అటూ ఇటూ రెండు చిన్న స్తంభాలు పెట్టి చూశాం. ఒకదాన్నొకటి చీల్చుకున్నాయి. మనుషుల్లో రాదనుకున్నాం."

"అనుకున్నారా?"

"మనిషి మెదడు వేరు మంగవేణీ."

"నా భర్త పేగులు నా చేతుల్లో పడ్డాయి సార్."

ఆయన తల దించుకున్నాడు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నాలుగైదు నెలలు టైమివ్వండి. స్వరం మార్చి చూస్తాను. ఇప్పుడు ఆపితే ఎలా? పాత దీపాలు తీసేశాం. రోజూ వందల ఓడలు వీటిని నమ్ముకుని తిరుగుతున్నాయి. నడిసముద్రంలో దారి పోతే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, మీకు తెలీదు."

"ఒక్క రెండోది ఆపండి."

"అది హార్బరు మొగ, ఓడలు లోపలికొచ్చే నోరు. అక్కడే ఎక్కువ రాళ్ళున్నాయి."

ఆమె పైవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. పత్రికల వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. భర్త పోయిన బాధలో మతి చెదిరిందన్నారు. ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. ఆ గొడవలోనే తుఫాను వచ్చిపడింది.

*

మొగపాలెం వాళ్ళనందర్నీ మధ్యాహ్నానికల్లా తుఫాను షెల్టర్‌లోకి తోలారు. ఎత్తైన సిమెంటు కాళ్ళ మీద కట్టిన పెద్ద హాలు అది. ఎనిమిది వందల మంది దాకా చేరారు. పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు, మేకలు. కిటికీలు బిగించారు. పోలమ్మను గోడవార కూర్చోబెట్టి మంగవేణి పటం మనసులోనే చూసుకుంది. షెల్టర్ రెండు సున్నలూ కలిసిన ముక్క నడిబొడ్డున ఉంది.

ఆమె సర్పంచిని, రెవెన్యూ వాళ్ళను బతిమాలింది. ఇంకో చోటికి తీసుకుపొమ్మంది. "ఇంకో సోటెక్కడుందమ్మా?" అన్నారు. నిజమే, ఇంకో చోటు లేదు.

గాలి హోరు పెరిగేకొద్దీ అది మొదలైంది. ఈసారి నెమ్మదిగా కాదు. ముందుగా ఒక మూల ఇద్దరు మగవాళ్ళు లేచారు. ఒకడు ఇంకొకడి తలను గోడకేసి కొట్టాడు. కొట్టిన చోటే మళ్ళీ కొట్టాడు. గోడ ఎర్రబడింది. ఆ పక్కన ఒక అమ్మాయి తన ముందున్న ముసలాయన చెవి కొరికేసింది. హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడినట్టయింది. జనం కింద జనం నలిగారు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి తన బిడ్డనే పైకి విసరబోతే మంగవేణి లాక్కుంది. ఆ తల్లి గోళ్ళు ఆమె చెంపలో దిగాయి.

ఇంత బలంగా ఎప్పుడూ లేదు. సముద్రపు హోరులో ఓడలకు నాదం అందదని బలం పెంచేసి ఉంటారని ఆమెకు అర్థమైంది. చంటిదాన్ని పోలమ్మ ఒళ్ళో పడేసి, ఇద్దర్నీ బీరువా గదిలోకి నెట్టి బయట గడియ పెట్టింది. తన చేతులు ఆ గడియ వదిలి ఎవరో ఒకరి గొంతు పట్టుకోవాలని తపించిపోతున్నాయి. పళ్ళు బిగించి మెట్లు దిగింది.

స్తంభాలను నడిపే స్టేషను ఊరి చివర గుట్ట మీద ఉంది. గాలికి వంగిపోతూ, తాటాకులు మొహాన కొడుతుంటే పాకుతూ అక్కడికి చేరింది. పనివాళ్ళంతా వెళ్ళిపోయారు. లోపల కామేశం ఒక్కడే ఉన్నాడు, వైర్‌లెస్ మైకు పట్టుకుని. తన స్తంభాలు తుఫానులో ఎలా నిలబడతాయో దగ్గరుండి చూడాలని పొద్దున్నే వచ్చాడట.

వైర్‌లెస్‌లో ఒక గొంతు వినబడుతోంది. బొగ్గు ఓడ. కెప్టెన్ పేరు సైకియా. ఇంజను సగం చచ్చింది, నడిసముద్రంలో నిలబడలేదు, హార్బరులోకి రావడం తప్ప దారి లేదు. ఇరవై ఇద్దరున్నారు.

"సార్, ఆపండి" అంది మంగవేణి రొప్పుతూ. "షెల్టర్లో చంపుకుంటున్నారు. పసిపిల్లల్ని కూడా."

"ఓడ మొగలో ఉంది. ఇప్పుడు ఆపితే నేరుగా రాళ్ళ మీదకెక్కుతుంది."

"నేను నోటితో చెబుతాను. ఆ దారి నాకు కంఠతా వచ్చు. మైకు ఇవ్వండి."

"ఈ గాలిలో నోటిమాటతోనా?" కామేశం నవ్వాడు. ఆ నవ్వు ఆయనది కాదు. గుట్ట కూడా రెండు నాదాలూ కలిసిన ఆ ముక్క అంచునే ఉంది. "వాళ్ళు కొట్టుకుంటే ఆపడానికి పోలీసులున్నారు. నా తమ్ముడికి ఎవరున్నారు?"

"సార్, మీకూ ఎక్కింది. చేతులు చూసుకోండి."

"నాకేం కాలేదు!"

ఆమె స్తంభాన్ని ఆపే మీట వైపు దూకింది. ఆయన మైకు తీగను ఆమె మెడకు చుట్టి వెనక్కి గుంజాడు. అరవై ఏళ్ళ మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. మంగవేణి కళ్ళకు చీకట్లు కమ్మాయి. చెయ్యి గోడ మీద తడిమింది. నిప్పు ఆర్పే సిలిండర్ దొరికింది. ఒళ్ళంతా కోరుకుంటున్న పనే అది. తిప్పి కొట్టింది. దెబ్బ కణత మీద పడింది. కామేశం మీట మీదుగా పక్కకు కూలాడు. ఆయన బరువుకు మీట కిందకు దిగింది.

ఆ చెయ్యి తీసేసినట్టయింది.

బయట తుఫాను ఎంత రొద చేస్తున్నా గది నిశ్శబ్దంగా అనిపించింది. కామేశం నేల మీద నుంచి చెయ్యి పైకెత్తాడు. ఇప్పుడు ఆ కళ్ళు ఆయనవే, ఆ గొంతూ ఆయనదే.

"మంగవేణీ... ఆగమ్మా. నాకు... నాకు తెలుసు..."

ఏం తెలుసో ఆయన చెప్పలేదు. మంగవేణి సిలిండర్ దించలేదు. తల తేటగా ఉంది, కడిగిన గిన్నెలాగ. ఎవరూ వీపు మీద తోయడం లేదు. తొట్టిలో చీల్చుకున్న కుక్కలు గుర్తొచ్చాయి. నాలుగైదు నెలలు టైమివ్వండి అన్న మాట గుర్తొచ్చింది. మళ్ళీ కొట్టింది.

తర్వాత మైకు తీసుకుంది.

"కెప్టెన్, స్తంభం ఆపేశాం. ఒంటిని నమ్మకండి. నా మాట వినండి. ముక్కు ఉత్తరానికి తిప్పండి."

"ఎవరు మీరు?"

"ఈ తీరం పటం గీసింది నేనే."

చీకటి పడేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. రాయి ఎక్కడుందో, ఇసుక మేట ఎక్కడుందో, నీరు ఎక్కడ లోతో, కళ్ళు మూసుకుని చెప్పింది. ఓడ రాళ్ళు తప్పించుకుని ఇసుక మేట మీదకెక్కి ఒరిగింది. అల ఒకటి వచ్చి ముగ్గుర్ని ఈడ్చుకుపోయింది. మిగతావాళ్ళు తెల్లారాక తాళ్ళ మీద ఒడ్డుకు వచ్చారు. షెల్టర్ లోంచి పదకొండు శవాలు దించారు. పోలమ్మ, ఆమె ఒళ్ళో చంటిది బతికే ఉన్నారు. ఆ బిడ్డ తల్లి బతకలేదు.

*

దేశమంతటా స్తంభాలు ఆపేశారు. నాదం పడ్డ చోట జరిగిన హత్యలకు ఎవరినీ శిక్షించకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. ఎర్రన్న విడుదలయ్యాడు. ఊళ్ళోకి వచ్చి ఇంట్లోకి రాకుండా అరుగు మీద కూర్చున్నాడు. మంగవేణి చాలాసేపటికి బయటకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అందరూ నీ తప్పు కాదంతన్నారు" అన్నాడు ఎర్రన్న నేలను చూస్తూ. "జడ్జీ గూడా అలగే అన్నాడు. దండం ఎట్టి వచ్చీసినాను. గానీ సెల్లీ, ఆ బోటు మీద పెత్తనం గురించి బావ మీద నాకు కోపం ఉండీది. మునుపట్నించీ. ఆ యేళ నా సేత కత్తి ఎత్తించింది ఆ నాదమో, ఆ కోపమో నాకు తెల్దే. ఎంత ఆలోసించినా తెల్దు. నాకింక జన్మలో తెల్దు."

మంగవేణి అతని పక్కన కూర్చుంది. ఏడవలేదు. అతని అరచేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"నా సంగతి నాకు తెలుసు అన్నియ్యా" అంది.

మర్నాడు కామేశం చావు మీద విచారణ. అధికారి మంచివాడు. ఆమెను కుర్చీలో కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించాడు. ఓడలోని వాళ్ళ ప్రాణాలు కాపాడినందుకు మెచ్చుకున్నాడు. అందరినీ అడిగినట్టే అడిగాడు, జవాబు ముందే తెలిసినట్టు.

"డాక్టర్ కామేశం గారిని మీరు కొట్టినప్పుడు స్తంభం పనిచేస్తోంది కదమ్మా?"

"మొదటి దెబ్బప్పుడు పనిచేస్తోందండి."

అధికారి తల ఎత్తాడు. "తర్వాత?"

"తర్వాత ఆగిపోయింది. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచారు. ఆగమన్నారు."

"మీరు చాలా కంగారులో ఉండి ఉంటారు. సరిగ్గా గుర్తుండకపోవచ్చు. మరోసారి ఆలోచించి చెప్పండి."

ఆ మాట ఎందుకన్నాడో ఆమెకు తెలుసు. తప్పించుకోవడానికి ఒక తలుపు తీసి పెట్టాడు. కిటికీ బయట ఎర్రన్న, పోలమ్మ చెట్టు కింద నిలబడి ఉన్నారు. ముసలావిడ భుజం మీద ఆ దిక్కులేని చంటిది నిద్రపోతోంది.

"కంగారు లేదండి" అంది మంగవేణి. "అంత తేటగా నేనెప్పుడూ లేను. రెండో దెబ్బ నేనే కొట్టాను."